నీలం పెన్సిలు టిక్కు

రేడియో మాస్టారి చెవికి ఒకప్పుడు పెద్ద పేరుండేది. మనిషికి కాదు, చెవికే. మందుల షాపుకీ చెప్పులు కుట్టే దుకాణానికీ నడుమ ఇరుక్కుని ఉండేది ఆయన రిపేరు షాపు. ఎవరైనా మూగబోయిన రేడియో తెచ్చి బల్ల మీద పెడితే ఆయన వెంటనే మూత విప్పేవారు కాదు. స్విచ్చి వేసి, కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి, ఆ గరగరనో ఆ గుయ్యిమనే మోతనో కాసేపు వినేవారు. "కండెన్సరు ఎండిపోయింది" అనేవారు. లేదా "స్పీకరు తీగ తెగింది, ఏం లేదు, రేపు రండి" అనేవారు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. రేడియో రాగానే మీటరు తీసి కొలిచేవాళ్లంటే ఆయనకు చిన్నచూపు. "చెవి ముందు, మీటరు తర్వాత" అని ముప్పై ఆరేళ్లు చెప్పిన మనిషి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పేరు చెవికొచ్చినా గర్వం మాత్రం మనిషంతా ఉండేది.

తర్వాత జనం రేడియోలు బాగుచేయించుకోవడం మానేశారు. షాపు మూసేసిన కొత్తలో మాస్టారు ఇంట్లో కూర్చుని, పాడవని వస్తువుల్ని కూడా విప్పడం మొదలుపెట్టారు. గోడ గడియారం విప్పారు. మిక్సీ విప్పారు. ఆయన భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఒకరోజు ఆవిడ మిషను వైపు స్క్రూడ్రైవరు పట్టుకుని వస్తుంటే, చేతిలో కత్తెర కింద పెట్టకుండానే అంది:

"ఏమండీ, దీని జోలికొచ్చారంటే బాగుండదు. మీ చేతులకి పని కావాలంటే బయటెక్కడైనా వెతుక్కోండి."

అలా బయట వెతుక్కున్న పనే పిల్లల రేడియో క్లాసు. లైబ్రరీ మేడ మీద పాత పేపర్ల కట్టలు పడేసే గది ఒకటుంటే, లైబ్రేరియన్ మేడమ్ ఆ కట్టల్ని ఒక గోడకు నెట్టించి, పొడుగాటి బల్ల వేయించి, శనివారం పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా ఆయనకు వదిలేసింది. మాస్టారు కిటికీలోంచి ఒక తీగ డాబా మీది నీళ్ల ట్యాంకు దాకా లాగారు. అది ఏరియల్. ఇంకో తీగ మూలనున్న చేతులు కడిగే కుళాయి గొట్టానికి చుట్టారు. అది ఎర్త్. ఈ రెండు తీగల మధ్యా పదిమంది పిల్లలు, తొమ్మిదేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా, ఒక్కొక్కరూ తమ చేత్తో ఒక్కో రేడియో కట్టుకోవాలి.

ఆ రేడియోకి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. చెక్క ముక్క మీద అట్ట గొట్టం, దాని చుట్టూ తొంభై చుట్లు సన్నటి రాగి తీగ, స్టేషను పట్టుకోవడానికి పాత రేడియోల్లోంచి తీసిన ఒక తిప్పుడు బిళ్ల, బియ్యపు గింజంత డయోడు, చెవిలో పెట్టుకునే ఒక్క ఇయర్‌ఫోను. అంతే. ఊరి చివర ప్రసార స్తంభం నుంచి గాలిలో వచ్చే శక్తే తీగలో దూరి, చెవిలో మాటై పలుకుతుంది. మొదటిరోజు ఈ సంగతి చెబితే పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మాస్టారు తమను ఆటపట్టిస్తున్నారనుకున్నారు.

క్లాసులో ఎవరినీ అసలు పేరుతో పిలవడం మాస్టారికి అలవాటు లేదు. చేతులు చూసి పేరు పెట్టేవారు. చెప్పడం పూర్తికాకముందే సగం పని చేసేసి, ఆ సగాన్నీ మళ్లీ విప్పుకునే కుర్రాడు తొందర. తీగ ఎంత పొడుగిచ్చినా ఇంకాస్త కత్తిరించేసే అమ్మాయి కత్తెర. ఒక్కో చుట్టూ చుట్టి, ఆగి, వేలితో నిమిరి, పక్క చుట్టుకు ఆనిందో లేదో చూసుకుని గాని ఇంకోటి చుట్టని పదేళ్ల పిల్ల నిదానం. అందరి తీగలూ చుట్టడం రెండో శనివారానికి అయితే, నిదానానికి నాలుగు శనివారాలు పట్టింది. అయినా ఆ పిల్ల చుట్టిన చుట్లు చూస్తే మాస్టారికి కడుపు నిండిపోయేది.

షాపు నుంచి క్లాసుకి ఆయన రెండు అలవాట్లు వెంట తెచ్చుకున్నారు. ఒకటి తప్పుల పుస్తకం. రేడియో పలక్కపోతే ఏడవకూడదు, కోప్పడకూడదు, పుస్తకం తీసి మూడు గళ్లలో రాయాలి: తప్పు ఏమిటి, ఎక్కడుంది, ఎలా బాగుచేశాం. తప్పు వెతకడానికి ఒకటే పద్ధతి. అనుమానం వచ్చిన భాగం తీసి, బాగున్న దాన్ని పెట్టి చూడు. ఒకసారికి ఒక్కటే మార్చు. రెండో అలవాటు నీలం పెన్సిలు. రేడియో కట్టడం పూర్తవగానే ముందుగా మాస్టారు ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుంటారు. కళ్లు మూసుకుంటారు. తల ఊపుతారు. చెక్క మీద నీలం పెన్సిలుతో టిక్కు పెడతారు. గదిలో అందరూ మూడు చప్పట్లు కొడతారు. ఆ తర్వాతే రేడియో కట్టిన పిల్ల చేతికి ఇయర్‌ఫోను వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. రెండేళ్ల నుంచి మాస్టారికి వినికిడి తగ్గుతోంది.

మొదట ఇంటి కాలింగ్ బెల్లు పాడైందన్నారు. విప్పారు, శుభ్రం చేశారు, బిగించారు. నెల తిరక్కుండా మళ్లీ పాడైందన్నారు. రెండోసారి విప్పుతుంటే ఆవిడ వంటింట్లోంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"బెల్లు బానే మోగుతోందండీ. ఎదురింటివాళ్లు కూడా లేచి తలుపు తీస్తున్నారు. వినపడనిది మీకు."

"నువ్వు గొణుగుతావు, అందుకే నీ మాట వినపడదు. బెల్లు సంగతి వేరు."

"నేను గొణుగుతానా? ఇంత గొంతు వేసుకుని అరిస్తే అవతలి వీధి కుక్కలు తిరిగి చూస్తున్నాయి!"

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే మాత్రం ఆయన మాట దాటేసేవారు. భయం డాక్టరంటే కాదు. ఆయన లెక్క ఆయనకుంది. చెవి పోయిన రేడియో మాస్టారి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? తెలిసిన రోజునే లైబ్రేరియన్ మేడమ్ మర్యాదగా టీ ఇచ్చి, గది తాళం అడిగేస్తుంది. శనివారం చేజారితే మిగతా ఆరు రోజులు ఎలా గడపాలో ఆయనకు తెలీదు. శనివారం కోసమే ఆయన సోమవారం నుంచి గడ్డం గీసుకునేవారు.

మామూలు మాటలైతే పెదాలు చూసి, గొంతు పోల్చుకుని నెట్టుకొచ్చేవారు. కానీ ఈ బ్యాటరీ లేని రేడియో పలికేది చీమ గుసగుసంత. అది ఆయనకు బొత్తిగా అందడం మానేసింది. అందుకో ఉపాయం కనిపెట్టారు, ముప్పై ఆరేళ్ల అనుభవం ఊరికే పోదు కదా. స్టేషనులో ఏ వేళకు ఏం వస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. ఇయర్‌ఫోను పెట్టుకుని, ఓరగా గోడ గడియారం చూసేవారు. పదయితే "వార్తలు" అనేవారు. పదీ పావు దాటితే "పాట, బాగా వస్తోంది" అనేవారు. పిల్లలు బాగానే కట్టేవాళ్లు గనక పది రేడియోల్లో ఏడెనిమిది ఎలాగూ పలికేవి. గుట్టు రట్టవలేదు.

నిదానం రేడియో పూర్తయిన శనివారం గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. పిల్ల చెక్కను రెండు చేతులతో, నిండు గ్లాసు మోసుకొచ్చినట్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏరియల్ తగిలించారు, ఎర్త్ తగిలించారు. మాస్టారు కళ్లు మూసుకున్నారు. అంత చక్కగా చుట్టిన తీగ పలక్కపోవడమేమిటి అనుకున్నారు. తల ఊపి, "పాటొస్తోందమ్మా, ఎంత స్పష్టంగా ఉందో!" అని నీలం టిక్కు పెట్టారు. మూడు చప్పట్లు మోగాయి. నిదానం ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుంది. కాస్త ఆగింది. అందరూ తననే చూస్తున్నారు. ఆ పిల్ల కూడా తల ఊపింది.

మరుసటి శనివారం మాస్టారు వచ్చేసరికి గది తలుపు దగ్గర నిదానం వాళ్లమ్మ నిలబడి ఉంది. ఆమె బస్సు కండక్టరు. డ్యూటీకి పోతూ వచ్చినట్టుంది, యూనిఫాంలోనే ఉంది. నిండు బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతు ఆమెది. ఆమె మాట ఒక్కటీ మాస్టారు పోల్చుకోనక్కర్లేకపోయింది.

"మాస్టారు గారూ, మీరైనా చెప్పండి, ఈ పిల్లతో నేను వేగలేకపోతున్నాను. వారం రోజులుగా గడియారం చెవికి ఆనించుకుంటుంది, ఫ్రిజ్జుకి చెవి పెట్టి నిలబడుతుంది, తమ్ముణ్ని తలుపవతల నిలబెట్టి గుసగుసలాడమంటుంది. ఏమిటే అంటే చెప్పదు. మొన్న స్నానాల గదిలో ఏడుస్తుంటే పట్టుకుని అడిగాను. తనకి చెవులు పోయాయట! రేడియో వినపడట్లేదట!"

"రేడియోలోనే ఏదైనా లోపం ఉందేమో..." అన్నారు మాస్టారు.

"నేనూ అదే అన్నాను. మాస్టారు టిక్కు పెట్టారమ్మా, రేడియో మంచిదే, చెడిపోయింది నా చెవులే అంది. ఇంకేం చేస్తాను, సెలవు పెట్టి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి గంటసేపు పరీక్ష చేశాడు. దోమ రెక్క కొట్టుకున్నా మీ అమ్మాయికి వినపడుతుందమ్మా అన్నాడు. ఇదిగో కాగితం. ఇప్పుడు చెప్పండి, పిల్ల చెవులు మంచివే, మీ టిక్కూ మంచిదే, మరి వినపడదేం?"

నిదానం అమ్మ వెనకాల నిలబడి ఉంది. రేడియోని తువ్వాల్లో చుట్టి పట్టుకుంది. మాస్టారు తువ్వాలు విప్పి చూశారు. చూడ్డమే ఆలస్యం, తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది. రాగి తీగ మీద పల్చటి వార్నిషు పూత ఉంటుంది. తీగ కొసల్ని ఉప్పుకాగితంతో రుద్ది ఆ పూత పోగొట్టి గాని స్క్రూకి బిగించకూడదు. ఈ తీగ కొసలు రెండూ నిగనిగా మెరుస్తున్నాయి. తొంభై చుట్లూ వేలితో నిమిరిన పిల్ల ఈ కొసల్ని రుద్దడం మర్చిపోయింది. ఈ రేడియో ఒక్క క్షణం కూడా పలికి ఉండదు. దానికి ఆయన టిక్కు పెట్టారు. పాటొస్తోందన్నారు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అయినా మనిషి బుద్ధి ఎలాంటిదో చూడండి, నోట్లోంచి ముందు అబద్ధమే వచ్చింది.

"ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఎక్కడో తీగ కదిలి ఉంటుందమ్మా. సరిచేసి పంపిస్తాలెండి."

"చూశావా? దీనికి ఇంత రాద్ధాంతం చేశావు!" అని తల్లి కూతురి నెత్తి మీద చిన్నగా మొట్టి, కాగితం ఆ పిల్ల చేతిలోనే పెట్టి, డ్యూటీకి వేళయిందని గబగబా మెట్లు దిగిపోయింది.

నిదానం మాస్టారికి ఎదురుగా నిలబడి అంది, ఆ పిల్ల పెదాలు చూసి ఆయన పోల్చుకోగలిగేంత మెల్లిగా.

"తువ్వాల్లోనే చుట్టి తీసుకెళ్లాను మాస్టారూ. బస్సులో ఒళ్లోనే పెట్టుకున్నాను. అయినా కదిలిందేమో. నా తప్పే అయ్యుంటుంది."

మాస్టారి మనసు విలవిల్లాడింది. వారం రోజులు తన చెవుల్ని అనుమానించుకుని, ఇప్పుడు తన చేతుల్ని అనుమానించుకుంటోంది. ఈ అబద్ధం ఇలాగే వదిలేస్తే ఈ పిల్ల ఇక జన్మలో ఏ పనికీ తన చేతుల్ని నమ్ముకోదు. ఇది తన నిర్వాకమే. తాళం పోతే పోయింది, శనివారం పోతే పోయిందనుకున్నారు. అనుకున్నంత తేలిగ్గా మాత్రం లేదు.

అప్పటికే పిల్లలంతా వచ్చి బల్ల చుట్టూ చేరారు. లైబ్రేరియన్ మేడమ్ ఏదో పేపరు కట్ట కోసం వచ్చి గుమ్మంలో ఉంది. మాస్టారు నిదానం రేడియోకి ఏరియల్, ఎర్త్ తగిలించి ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకున్నారు. పిల్లలు చప్పట్లకి చేతులు సిద్ధం చేసుకున్నారు. ఆయన ఈసారి కళ్లు మూసుకోలేదు. గడియారం వైపూ చూడలేదు.

"నాకేమీ వినపడట్లేదు" అన్నారు.

పిల్లల చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"పోయిన శనివారం కూడా వినపడలేదు. వినపడినట్టు తల ఊపాను. అది నా తప్పు, ఈ పిల్ల తప్పు కాదు. పట్టండి, తప్పు ఎక్కడుందో వెతకండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి."

తొందర అప్పటికే తన ఇయర్‌ఫోను పీకి తెచ్చేశాడు. అది పెట్టి చూశారు, పలకలేదు. డయోడు మార్చారు, పలకలేదు. నిదానం అందరూ కాస్త జరిగేదాకా ఆగి, వంగి, తీగ కొసల్ని వేలితో తడిమింది. ఆ వేలు ఒక్కసారి ఆగింది.

"మాస్టారూ, ఇక్కడ రుద్దలేదు."

ఉప్పుకాగితం ముక్క తెచ్చుకుని రెండు కొసలూ ఎర్రటి రాగి బయటపడేదాకా రుద్దింది. ఎంతసేపు రుద్దిందంటే తొందర ఆగలేక బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చాడు. స్క్రూలు బిగించి, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని, తిప్పుడు బిళ్లని వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరిపింది. ఆ పిల్ల మొహం మెల్లిగా, తన పద్ధతిలోనే, విచ్చుకుంది.

"ఎవరో మాట్లాడుతున్నారు మాస్టారూ. సముద్రం వైపు వాన పడుతుందంట. సాయంత్రానికి ఇటొస్తుందంట."

ఆ క్షణాన మాస్టారికి కలిగిన ఆనందం, షాపులో ఆయన పలికించిన వందల రేడియోల్లో ఒక్కదానికీ కలగలేదు. ఇయర్‌ఫోను చేతి నుంచి చేతికి మారింది. అందరికీ వాన వార్త వినపడింది. చివరికి ఆయన చేతికొచ్చింది. పెట్టుకున్నారు. ఏమీ లేదు. తల అడ్డంగా ఊపారు.

తొందర బల్ల మీద మోచేతులు ఆన్చి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"రేడియో మంచిదే. ఇయర్‌ఫోను మంచిదే. మా అందరికీ వినపడుతోంది. అంటే తప్పు మాస్టారి చెవిలో ఉంది."

లైబ్రేరియన్ మేడమ్ "ఒరేయ్!" అని ముందుకు రాబోయింది. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. కుర్రాడు వెటకారానికి అన్నది కాదు. ఆయన నేర్పిన పద్ధతిలోనే వెతికి, ఆయన నేర్పినట్టే చెప్పాడు. ఆయనే ఇంట్లో బెల్లుని రెండుసార్లు విప్పి కూడా ఈ సంగతి తేల్చుకోలేకపోయారు.

"సరిగ్గా చెప్పావురా" అన్నారు. కళ్లు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది.

అప్పుడు బల్ల ఆ చివర నుంచి కత్తెర చెయ్యెత్తింది. "మాస్టారూ, మరి నాది కూడా పలకదు." ఆ పిల్ల పక్కన కూర్చున్న కుర్రాడు కూడా, "నాది కూడా" అని తల దించుకున్నాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదర్రా?"

"మీరు టిక్కు పెట్టేశారు కదా. అందరూ చప్పట్లు కూడా కొట్టేశారు" అంది కత్తెర.

మాస్టారు జేబులోంచి నీలం పెన్సిలు తీసి నిదానం ముందు పెట్టారు. "ఇక మీదట ఎవరి రేడియో వాళ్లే ముందు వినాలి. ఎవరి టిక్కు వాళ్లే పెట్టుకోవాలి. వినపడనివాళ్లు వినపడలేదని గట్టిగా చెప్పాలి. అలా చెప్పినవాళ్లకే చప్పట్లు." గుమ్మం వైపు చూడకుండా అన్నారు. "ఇంకో మాట. చెవి పనిచేయని మనిషి మీకు రేడియో నేర్పడం బాగుండదు. మేడమ్ గారు మంచి మాస్టారిని చూస్తారు."

గుమ్మంలో మేడమ్ ఏదో అనబోయి, నిదానాన్ని చూసి ఆగింది. ఆ పిల్ల తప్పుల పుస్తకం తెరిచి ఎప్పటిలా కుదురుగా రాస్తోంది. తప్పు: వినపడటం లేదు. ఎక్కడ: మాస్టారి చెవి. మూడో గడి దగ్గర పెన్సిలు ఆపి తలెత్తింది.

"పాడైతే బాగుచేస్తాం కదా మాస్టారూ. పారేయం కదా?"

ముప్పై ఆరేళ్లు షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ మాస్టారు చెప్పిన మాటే అది.

నిదానం గౌను జేబులోంచి అమ్మ ఇచ్చిన కాగితం తీసి, మడతలు ఒక్కొక్కటే విప్పి ఆయన ముందు పెట్టింది. పైన డాక్టరు చిరునామా ఉంది.

"ఈయన మంచాయన. అద్దాల గదిలో కూర్చోబెట్టి వినపడిందా, వినపడిందా అని అడుగుతాడు. నొప్పేమీ ఉండదు. మూడో గడి నేను ఖాళీగా ఉంచుతాను, మీరు వెళ్లొచ్చాక రాద్దాం." ఆయన కళ్లలోకి చూసి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "కానీ మాస్టారూ, అక్కడ వినపడకపోతే మాత్రం తల ఊపకండి."

మాస్టారు అలవాటుకొద్దీ తల ఊపబోయి, ఆగి, గది చివరి దాకా వినపడేలా గట్టిగా "సరేనమ్మా" అన్నారు.